స్కోపింగ్ రివ్యూ పట్టికలు డబ్బిచ్చి చేయించుకునేవారికి హెచ్చరిక

కర్నూలులో థీసిస్ పనులు చేసిపెట్టే ఒక సంస్థకు, తాగునీటి ఫ్లోరైడు, ఫ్లోరైడు ఎక్కువై పిల్లల పళ్లపై మచ్చలు పడే దంత ఫ్లోరోసిస్‌లపై నేను చేస్తున్న స్కోపింగ్ రివ్యూలో (ఒక అంశంపై వచ్చిన అధ్యయనాలను వెతికి క్రోడీకరించే సమీక్షలో) డేటా చార్టింగ్ పనిని, అంటే ఒక్కో అధ్యయనంలోని వివరాలను పట్టికలో నింపే పనిని, డబ్బిచ్చి అప్పగించాను. అనంతపురం, కడపల్లో ఇలాంటి సాయం కోసం వెతుకుతున్న పీజీ విద్యార్థులు, పరిశోధకులు డబ్బు కట్టేముందు ఇది చదవగలరు.

వారు పంపిన ఎక్సెల్ షీటులో ఒక్క గడి కూడా ఖాళీగా లేదు. నన్ను అనుమానంలో పడేసింది అదే. వేర్వేరు దశాబ్దాల్లో జరిగిన అధ్యయనాలన్నీ పిల్లల వయసు, నమూనా ఎంపిక పద్ధతి, నీటిని సేకరించిన కాలం తప్పకుండా చెప్పాయంటే నమ్మేదెలా? మూల వ్యాసాలతో పోల్చి చూడగా, వాటిలో ఎక్కడా లేని వయసు పరిమితులు పట్టికలో కనిపించాయి.

అంతకంటే ప్రమాదకరమైన తప్పు ఫలితాల వరుసలో ఉంది. మచ్చల తీవ్రతను బట్టి వర్గాలుగా విభజించే డీన్ వర్గీకరణ ఆధారంగా లెక్కించే సామూహిక ఫ్లోరోసిస్ సూచిక 0 నుంచి 4 మధ్య ఉండే సగటు. ఫ్లోరోసిస్‌ను కొలిచే మరో పద్ధతి అయిన టీఎఫ్ (థిల్‌స్ట్రప్-ఫెజెర్‌స్కోవ్) సూచిక ఒక్కో పంటికి 0 నుంచి 9 వరకు ఇచ్చే స్కోరు. ఈ రెండింటినీ, ఫ్లోరోసిస్ ఉన్న పిల్లల శాతాన్నీ కలిపి "తీవ్రత" అనే ఒకే శీర్షిక కింద పోశారు. ఆ వరుసతో గ్రాఫు గీస్తే ఏ ప్రాంతంలో సమస్య ఎక్కువో తలకిందులుగా కనిపించవచ్చు.

నిలదీస్తే, స్కోపింగ్ రివ్యూలో నాణ్యత మదింపు తప్పనిసరి కాదన్నారు. ఇలాంటి సమీక్ష నివేదికలో ఏమేం రాయాలో చెప్పే 2018 నాటి ప్రిస్మా స్కోపింగ్ రివ్యూ చెక్‌లిస్టు ప్రకారం ఆ మాట నిజమే, కానీ అది అధ్యయనాల నాణ్యతకు సంబంధించినది. పట్టికలో కల్పిత వివరాలు నింపడానికి అనుమతి కాదు. చార్టింగ్ ఫారాన్ని ముందుగా పరీక్షించారా, ఇద్దరు విడివిడిగా వివరాలు తీశారా అన్నది రాయమని అదే చెక్‌లిస్టు అడుగుతుంది. డబ్బు వాపసు ఇవ్వలేదు సరికదా, దిద్దడానికి మళ్లీ ఫీజు అడిగారు.

అందువల్ల ప్రతి గడికీ మూల వ్యాసపు పేజీ, పట్టిక సంఖ్యలు ఇవ్వాలనీ, "వ్యాసంలో లేదు", "వర్తించదు" అనేవాటిని వేరుగా చూపాలనీ ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. స్కోపింగ్ రివ్యూ ఎలా చేయాలో వివరిస్తూ 2010లో వ్యాసం రాసిన లెవాక్ బృందం సూచించినట్లు మొదటి అయిదు నుంచి పది అధ్యయనాలను ఇద్దరితో విడివిడిగా చేయించి, తేడాలు మీ గైడుతో కలిసి చూసేదాకా మిగతా సొమ్ము చెల్లించకండి. అడ్వాన్సు ఇవ్వడానికి ముందే, పిల్లల వయసు చెప్పని వ్యాసం ఒకటి ప్రయోగంగా ఇచ్చి, ఆ గడిలో ఏం రాస్తారో చూడండి.