పాత లేసు వయసు ఏది చెబుతుంది: పువ్వా, పోగా, జాలీయా?

లేసు అనగానే మనకు నరసాపురమే గుర్తొస్తుంది. అది కొక్కెం ఉన్న సూదితో, ఒకే దారంతో అల్లే క్రోషే. బాబిన్ లేసు పద్ధతి వేరు. దిండు మీద చిల్లులు పొడిచిన డిజైన్ పరిచి, ఆ చిల్లుల్లో గుండుసూదులు గుచ్చుకుంటూ, బాబిన్లనే చిన్న పుల్లలకు చుట్టిన పదుల కొద్దీ దారాలను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ, మెలిపెడుతూ అల్లుతారు. సన్నటి డిజైన్లకైతే వందల బాబిన్లు కావాలి. ఈ పనికి బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ పెట్టింది పేరు.

అలాంటి పాత ముక్క చేతికొస్తే అందరం ముందు పువ్వునే చూస్తాం. నేనూ అంతే. బ్రస్సెల్స్‌లో ఒక పాతసామాన్ల సంతలో 18వ శతాబ్దం అని చీటీ కట్టిన లేసు అంచు కొన్నాను. వంపులు తిరిగిన కొమ్మలు, విచ్చుకున్న గులాబీలు, అచ్చం ఆ కాలపు పనే. ఇంటికొచ్చి పదింతలు చూపించే భూతద్దం పెట్టాక గుండె జారింది. పువ్వులు చేత్తో అల్లినవే, అందులో మోసం లేదు. వాటి వెనకున్న జాలీ మాత్రం మెషీన్‌ది! వెనక్కి తిప్పితే పువ్వుల అంచుల వెంట సన్నటి కుట్లు కనిపించాయి. అంటే పువ్వుల్ని విడిగా అల్లి, రెడీమేడ్ జాలీ మీద కుట్టారు.

ఇక్కడే తారీఖు దొరికిపోయింది. ఇంగ్లండ్‌లో జాన్ హీత్‌కోట్ బాబిన్ జాలీ మెషీన్‌కు పేటెంట్ తీసుకున్నది 1809లో. అంతకుముందు బ్రస్సెల్స్‌లో ఆ జాలీని కూడా చేత్తో సన్నటి పట్టీలుగా అల్లి, అతుకు తెలియకుండా కలిపేవాళ్లు. చేతి జాలీలో ఆరు పలకల కన్నుకు (జాలీలోని ఒక్కో రంధ్రానికి) రెండు వైపులా దారాలు జడ అల్లినట్టు ఉంటాయి. మెషీన్ జాలీలో జడ ఉండదు, ఉత్త మెలికలే. కాబట్టి గులాబీలు ఎంత పాత ఫ్యాషన్‌వైనా నా ముక్క 19వ శతాబ్దానికి ముందుది కానే కాదు.

అందుకే మూడింటిలో నా ఓటు జాలీకి. వయసే కాదు, ఊరు కూడా చెబుతుంది. బెల్జియంలోని మెక్లిన్, ఉత్తర ఫ్రాన్స్‌లోని వలాన్సియెన్ ఊళ్ల పేర్లున్న లేసుల్ని పక్కపక్కన పెడితే కొత్తవాళ్లకు రెండూ ఒకటే. మెక్లిన్‌లో పువ్వు చుట్టూ కాస్త లావు దారం గీత గీసినట్టు తిరుగుతుంది, కన్నుకు రెండు వైపులే జడ, మిగతా నాలుగూ మెలికలు. వలాన్సియెన్‌లో ఆ లావు దారం ఉండదు, కన్నుకు అన్ని వైపులా జడే. అందుకే అది గట్టిది, ఎన్ని ఉతుకులైనా ఓర్చుకుంటుంది. అందులోనూ గుండ్రటి కన్ను పాతకాలపుది, డైమండ్ ఆకారం ఎక్కువగా 19వ శతాబ్దపుది.

దారం సాక్ష్యం సగమే పనికొస్తుంది. 1830ల దాకా మంచి లేసంతా దాదాపు నారదారమే (అవిసె నార, అంటే లినెన్), తర్వాత నూలు దారం వచ్చిపడింది. నూలు కనిపిస్తే ముక్క మరీ పాతది కాదని తేల్చేయొచ్చు. నార కనిపించిందని సంబరపడకూడదు, నారలేసు ఆ తర్వాత కూడా అల్లారు. నారపోగు అక్కడక్కడ లావెక్కి సన్నబడుతుంది, చేతికి చల్లగా తగులుతుంది. నూలుకు సన్నటి నూగు ఉంటుంది. కానీ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ముక్క దగ్గర ఈ వేళ్ల పరీక్ష పారదు. మైక్రోస్కోప్ కింద మాత్రం నారకు వెదురులా కణుపులు, నూలుకు మెలితిరిగిన రిబ్బన్ రూపం స్పష్టంగా కనిపిస్తాయి. దారం కాల్చి చూడమనే సలహా వినకండి, పోయిన పోగు తిరిగి రాదు.

ఇక పువ్వు. ఫలానా కాలానికి ముందుది కాదు అన్నంతవరకే దాని మాట నమ్మాలి. 19వ శతాబ్దంలో పాత డిజైన్లను మళ్లీ మళ్లీ అల్లారు, మెషీన్లూ వాటినే కాపీ కొట్టాయి. అయితే పువ్వు లోపలి అల్లిక చూస్తే లాభం ఉంది. చేతిపనిలో అది నేసిన గుడ్డలా, పడుగు పేకల్లా ఉంటుంది. పువ్వునీ జాలీనీ కలిపి అల్లేసే లీవర్స్ మెషీన్ లేసులో నిలువు చారలు తేలి, వాటి మధ్య సన్నటి దారం వంకర్లు పోతుంది. లావు దారం కొసలు కత్తిరించిన చోట పీచు లేస్తుంది. తప్పులు కూడా చూడండి. చేతి తప్పు ఒక్కచోట పడుతుంది, మెషీన్ తప్పు ప్రతి పువ్వులోనూ అదే చోట పడుతుంది.

జాలీని నమ్మి నేను బోల్తాపడేది టోర్షన్, క్లూనీ లాంటి ముతక అంచుల దగ్గరే. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన బార్మెన్ మెషీన్ కూడా బాబిన్లను దాటిస్తూ, మెలిపెడుతూ చేతి అల్లికనే అల్లుతుంది. అక్కడ కన్నులు లెక్కపెట్టి లాభం లేదు. మీటర్ల పొడవునా ఒక్క కన్నూ వంకరపోకుండా, నూలు దారం ఒకే బిగువుతో నడిస్తే చేతిపని అని నేను రాసివ్వను.

సంతలో కొన్న ముక్క ఇప్పటికీ బీరువాలో ఉంది. చీటీ మీద ‘18’ కొట్టేసి ‘19’ అని దిద్దాను.