సుడోకు: చిన్న అంకెలు రాసుకోవాలా, ‘జవాబు ఒక్కటే’ సూత్రం పట్టుకోవాలా?

ప్రతి ఖాళీ గడిలోనూ పట్టే అంకెలన్నీ చిన్నగా రాసుకుంటూ పోతే భద్రమే, కానీ నెమ్మది. ఒక్కటి కొట్టెయ్యడం మరిచామా, పది గడులు నింపాక గానీ తప్పు బయటపడదు.

రెండో దారికి పెన్సిల్ అక్కర్లేదు. సరైన సుడోకుకు జవాబు ఒక్కటే ఉంటుందన్నదే దీనికి ఆధారం. 1, 2 అడ్డు వరుసలు, 1, 4 నిలువు వరుసలు కలిసే నాలుగు గడులు చూడండి. ఎడమ పెట్టెలో (3×3 గడుల చదరంలో) 2, 7లకు మిగిలినవి మొదటి నిలువు వరుసలోని ఆ రెండు గడులే. పక్క పెట్టెలో పై గడిలోనూ 2 లేదా 7 మాత్రమే పడుతుంది. అలాంటప్పుడు కింది గడిలో ఆ రెండూ రాకూడదు. వస్తే 2, 7లను అటూ ఇటూ మార్చినా అన్నీ సరిపోతాయి, అంటే రెండు జవాబులు! అక్కడ ఇక 5 ఒక్కటే పడుతుంటే నిశ్చింతగా రాసెయ్యండి.

బోల్తా పడేది ఎక్కడంటే, ఆ నాలుగు గడులూ సరిగ్గా రెండు పెట్టెల్లోనే ఉండాలి. నాలుగింటిలోకి చెదిరితే అంకెలు మార్చగానే పెట్టెల లెక్క తప్పుతుంది, సూత్రం చెల్లదు. వాటిలో ఏదీ ముందే అచ్చేసిన అంకె కాకూడదు. ఇచ్చిన అంకెలు 17 కంటే తక్కువైతే ఈ దారి వదిలెయ్యండి. అలాంటి పజిల్‌కు ఒకే జవాబు ఉండదని 2012లో కంప్యూటర్‌తో తేల్చారు.

మధ్యరకం పజిళ్లకు రెండోదే హాయి. మరీ కష్టమైనవాటిలో ఇరుక్కున్నాక, ఆ మూల వరకే చిన్న అంకెలు రాసుకుంటే చాలు.