ప్లై కోతకు స్కెచప్ వాడుతున్న వడ్రంగి మాట

స్కెచప్ అంటే కంప్యూటర్‌లో సామాను బొమ్మ కొలతలతో గీసే ప్రోగ్రాం. ఇందులో నాకు బాగా నచ్చింది ఒక్కటే, కోత కాగితం. స్కెచప్‌లో వార్డ్‌రోబ్ గీసి ఓపెన్‌కట్‌లిస్ట్ అనే ఉచిత ప్లగిన్‌కి (స్కెచప్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఇస్తే, ఏ షీట్‌లో ఏ ముక్క ఎక్కడ కొయ్యాలో బొమ్మ వేసిస్తుంది. బ్లేడు తినే 3 మిల్లీమీటర్లు కూడా లెక్కలో పట్టుకుంటుంది. త్రీడీ సోకులు నాకు అక్కర్లేదు.

మా కావలి వైపు ఎక్కువగా సరుకు ఇంటివాళ్లది, కూలి మాది. షీట్ మిగిలితే లాభం వాళ్లకి, తక్కువైతే మాట పడేది మేము. అందుకే మేస్త్రీలం రెండు షీట్లు ఎక్కువే చెప్తాం. నిరుడు ఒక రిటైర్డ్ టీచరు గారింట్లో లాఫ్టులు, వార్డ్‌రోబ్‌లకు 11 షీట్లు చాలన్నాను. ఆయన నమ్మలేదు. "మా బావమరిది ఇంట్లో ఇంతే పనికి 14 తెప్పించారు మేస్త్రీ. మధ్యలో మళ్లీ తెమ్మంటే మాత్రం తేను" అన్నారు. ప్రింటు చేతిలో పెట్టాను. పరీక్ష పేపరు దిద్దినట్టు, కోసిన ప్రతి ముక్కకీ పెన్సిలుతో టిక్కు పెడుతూ కూర్చున్నారు. ఆఖర్న మిగిలిన ముక్కను టేపుతో కొలిచి, కాగితం మీది అంకెతో సరిచూసుకుని, "దీన్లో చెప్పుల స్టాండు వస్తుందా?" అని ఆయనే అడిగారు. ఇదివరకు అలాంటి ముక్క 'ఎక్కడికి పోయింది' అనే గొడవలయ్యేవి.

వృథా తగ్గుతుందని మొదట్లో అందరికీ చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పను. ఇరికించి సర్దిన బొమ్మ చూడ్డానికి బాగుంటుంది. చేతి మెషిన్‌తో కోసేవాడికి కోత కోతకీ గైడ్ మార్చడంతోనే పొద్దు గూకుతుంది. అందుకే కొంచెం ముక్క పోయినా, పొడుగు కోతలు ముందొచ్చే అమరికే ఎంచుకుంటున్నాను. అంచులు నలిగిన షీట్లయితే చుట్టూ ఇంత తీసెయ్యమని ప్లగిన్‌కి ముందే చెప్పాలి, అప్పుడిక 8 బై 4 షీట్ పూర్తిగా చేతికి రాదు. చెక్క గీతలున్న షీట్లలో ముక్కను అడ్డం తిప్పనివ్వం కాబట్టి ఆదా ఇంకా తగ్గుతుంది. టేకు పలకలకైతే నాకు పనికిరాలేదు. ముడి ఎక్కడుందో, చేవ ఎంతవరకుందో దానికేం తెలుసు!

నాది స్కెచప్ 2017 నాటి పాత ఉచిత వెర్షన్. బ్రౌజర్‌లో ఉచితంగా దొరికేదాంట్లో ప్లగిన్లు పనిచెయ్యవు, కొత్త డెస్క్‌టాప్ వెర్షన్‌కి చందా కట్టాలి. పైగా కొలతలు ఎక్కించేది మా అబ్బాయి. వాడు కాలేజీకి హాస్టల్లో చేరితే నేనొక్కడినే ఎంతవరకు నెట్టుకొస్తానో చూడాలి. ఒకటీ అరా షీట్ల పనికి టేపూ పెన్సిలూ చాలు. ఇల్లంతా ఒప్పుకునేవాళ్లు మాత్రం, కనీసం ఆ కాగితం కోసమైనా, ఒకసారి వాడి చూడొచ్చు.