తొక్కుడు బండికి బట్ట తొడుగా, ఫైబర్ డొప్పా?

తిరుపతిలో, ఎండావానా తగలకుండా చుట్టూ తొడుగు ఉండే మూడు చక్రాల తొక్కుడు బండికైతే నా ఓటు బట్టకే. అలిపిరి వైపు ఎత్తు ఎక్కేటప్పుడు ప్రతి కిలో బరువూ మోకాళ్లకు తెలుస్తుంది. ఫైబర్ డొప్ప నున్నగా ఉంటుంది, గాలిని చీల్చుకుంటూ పోతుంది. కానీ పగిలితే గాజు పీచు మ్యాట్ వేసి, గట్టిపడే జిగురులాంటి రెజిన్ పూసి, ఆరబెట్టి, రుద్దాలి. బట్ట చిరిగితే ఆటో టాపులు కుట్టే అన్న దగ్గర కాసేపటి పని. చెకొస్లోవేకియాలో తయారైన వెలోరెక్స్ అనే చిన్న మోటారు బండ్లకు గొట్టాల చట్రం మీద రెగ్జిన్‌లాంటి తొడుగే ఉండేది. 2008లో బీఎండబ్ల్యూ చూపించిన గినా అనే నమూనా కారుకూ పైన సాగే బట్టే.

నవంబరు వానలకు మాత్రం నీళ్లు కుట్టు రంధ్రాల్లోంచే దిగుతాయి. నేను లోపలివైపు కుట్టు పొడవునా టేపు అంటించాకే సీటు తడవడం ఆగింది. తొడుగు వదులైతే గాలికి టపటపా కొట్టుకుంటుంది, బిగించి కట్టాలి.