నల్ల జుట్టుకి గోరింటాకు: ఆరేళ్లు వాడాక

మొదటిసారి తలకి ముద్ద పట్టించి మూడు గంటలు కూర్చున్నాను. కడిగాక అద్దంలో చూసుకుంటే ఏ తేడా లేదు. పొడి నకిలీదేమో అనుకున్నా. మర్నాడు ఎండలోకి వెళ్లినప్పుడు పాయల అంచుల్లో రాగి రంగు మెరిసింది. నీడలోకి రాగానే మళ్లీ నలుపే!

తప్పు పొడిది కాదు. ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌కి అంటుకుంటుంది తప్ప, ఉన్న నలుపును తీసేయదు. అది బ్లీచ్ చేసే పని. ప్యాకెట్ మీద బొమ్మలో ఉన్నంత ఎరుపు నల్ల జుట్టుకి ఎన్నిసార్లు పెట్టినా రాదు.

అసలు రంగేంటో తెలియాలంటే తెల్ల వెంట్రుకల్ని చూడాలి. నాకు చెవుల దగ్గర ఓ ఇరవై దాకా ఉన్నాయి. కడిగిన రోజు అవి క్యారెట్ రంగులో ఉండి నన్ను టెన్షన్ పెట్టేవి. గాలి తగిలి రెండు రోజుల్లో ఇటుక రంగుకి ముదురుతాయని తర్వాత తెలిసింది. అందుకే బయట ముఖ్యమైన పనుంటే రెండు మూడు రోజుల ముందే పెట్టేసుకుంటా.

నేను చేసిన పెద్ద పొరపాటు, మొదటి రెండేళ్లు నెలనెలా జుట్టు మొత్తానికి పట్టించడం. ఈ రంగు కడిగితే పోయేది కాదు, పొర మీద పొర పేరుకుంటుంది. చివర్లు ఎండలో కూడా వంకాయ రంగుకి తిరిగాయి, కుదుళ్ల దగ్గర మాత్రం రాగి. ముద్ద కలిపేటప్పుడు నిమ్మరసం ధారాళంగా పోసేదాన్ని కాబట్టి జుట్టు పీచులా కూడా తయారైంది. ఇప్పుడు కుదుళ్లకే పెడుతున్నా. రెండు చెంచాల నిమ్మరసం, మిగతా అంతా నీళ్లు, రాత్రంతా నానబెట్టడం. రంగులో తేడా ఏమీ రాలేదు, జుట్టు మెత్తబడింది. ఉంగరాలు మాత్రం మునుపటంత బిగుతుగా లేవు. నాకది ఇష్టమే, మీకు కాకపోవచ్చు.

మధ్యలో ఒకసారి 'బ్లాక్ హెన్నా' కొన్నా. మాడు మండి, నుదురు వాచింది. అట్ట వెనక చిన్న అక్షరాల్లో పీపీడీ అని ఉంది, అది రసాయన రంగు. ఆకు ఒక్కటే నలుపునివ్వదు. నలుపే కావాలంటే గోరింటాకు కడిగేశాక ఇండిగో (నీలిమందు) ఆకు పొడి పెట్టుకోవాలి. ఆ ఓపిక నాకు లేదు.

ఎండలో మెరిసే ఆ కాస్త రాగి రంగు కోసం మళ్లీ మళ్లీ కొంటూనే ఉన్నా. మొదటి రెండు రాత్రులు దిండుకి పాత గలీబు తొడగడం మాత్రం మర్చిపోను.