అసలు రాక్ అండ్ రోల్ ఏది? ముందు డ్రమ్ము వినండి

“మొదటి రాక్ అండ్ రోల్ పాట ఏది?” అన్న ప్రశ్న ఎన్నిసార్లు వచ్చినా, జవాబు అడిగినవాడి అభిమాన గాయకుడి దగ్గరే ఆగుతుంది. ఎల్విస్ అభిమాని 1954 అంటాడు. చక్ బెర్రీ అభిమాని 1955 అంటాడు. పాత రికార్డులు కాస్త తిరగేసినవాడు 1951 అంటాడు, ఇంకా వెనక్కి వెళ్ళినవాడు 1949 అంటాడు. తేదీల తగువు తెగేది కాదు. ఏ రికార్డు పట్టుకున్నా దానికి రెండేళ్ళ ముందు ఇంకోటి బయటపడుతుంది. అందుకే ఏది ముందు అన్నది వదిలేసి, ఏది అసలు అన్నది చూద్దాం.

జనం మామూలుగా వాడే కొలతలు మూడున్నాయి. మూడూ పనికిరావు. పన్నెండు బార్ల బ్లూస్ (బార్ అంటే నాలుగు దెబ్బల ఆవర్తం) ఉంటే రాక్ అండ్ రోల్ అంటారు. అలాగైతే ఫ్యాట్స్ డొమినో “ది ఫ్యాట్ మ్యాన్” పోటీలోంచి తప్పుకోవాలి, అది ఎనిమిది బార్ల పాట. ఎలక్ట్రిక్ గిటార్ ఉండాలంటారు. లిటిల్ రిచర్డ్ రికార్డుల్లో గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాలి, ముందుండేది పియానో, శాక్సఫోన్. ఇక సాహిత్యంలో రాకింగ్ అన్న మాట ఉండాలంటే, రాయ్ బ్రౌన్ 1947లోనే దాన్ని పాట పేరులో పెట్టాడు. 1951 నుంచి క్లీవ్‌లాండ్ రేడియోలో రికార్డులు వేసే అలన్ ఫ్రీడ్ ఆ పేరును జనం నోట్లో నానేలా చేశాడు కానీ, అతను వేసిన రికార్డులు అంతకుముందు రిథమ్ అండ్ బ్లూస్ అనిపించుకున్నవే.

తేల్చేది నడక. మన సంగీతం తెలిసినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. ఒక దెబ్బను “తకిట” అని మూడు ముక్కలు చేసి, మధ్యలో “కి” మింగేసి, “త..ట త..ట” అని నడిపితే అది షఫుల్. అంటే తిశ్రం, కుంటుతున్నట్టుండే నడక. తీన్‌మార్ విని పెరిగిన చెవికి ఆ ఊపు కొత్తేమీ కాదు. అదే దెబ్బను “తక తక” అని సమానంగా రెండు చేస్తే స్ట్రెయిట్ ఎయిత్స్. 1940లలో లూయీ జోర్డాన్ లాంటివాళ్ళు వాయించిన జంప్ బ్లూస్‌లో బ్యాండు మొత్తం తిశ్రంలోనే ఉంటుంది. 1960ల తర్వాతి రాక్‌లో ఎక్కువభాగం బ్యాండు మొత్తం సమంగానే ఉంటుంది. రాక్ అండ్ రోల్ అన్నది ఈ రెండింటి మధ్య సందులో పుట్టింది. ఒకరు కుంటుతూ (అది రోల్), ఇంకొకరు సమంగా (అది రాక్), ఒకే దెబ్బ మీద నడుస్తారు. ఆ రాపిడే అసలు సరుకు. దానికి తోడు, నాలుగు దెబ్బల్లో రెండోదానిమీద, నాలుగోదానిమీద స్నేర్ డ్రమ్ము (గరగరమనే చిన్న డ్రమ్ము) పాట పొడుగునా పడాలి, దీన్నే బ్యాక్‌బీట్ అంటారు. ఈ రెండూ ఉంటే అది రాక్ అండ్ రోల్. ఒకటే ఉంటే చుట్టం.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. యూట్యూబ్‌లో పాట పెట్టి వేగం 0.5కి తగ్గించండి. కాలితో దెబ్బలు లెక్కపెడుతూ ముందు హై-హ్యాట్ గానీ రైడ్ సింబల్ గానీ (రెండూ డ్రమ్ముల పక్కనుండే తాళాలు) ఏం చేస్తోందో వినండి. తర్వాత పియానో కుడిచెయ్యి లేదా గిటార్ మీద చెవి పెట్టండి. రెండూ ఒకేలా నడుస్తున్నాయా, ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయా అన్నది సగం వేగంలో స్పష్టంగా తెలుస్తుంది. అసలు వేగంలో తెలియకపోవడానికి కారణం ఉంది. వేగం పెరిగేకొద్దీ షఫుల్ తనంతట తానే చదునవుతుంది. నెమ్మదిగా వాయించినప్పుడు రెండుకు ఒకటిగా ఉన్న కుంటి నడక, వేగం బాగా పెరిగితే సమానానికి దగ్గరగా జారిపోతుంది. చెయ్యి అంతకన్నా కుంటలేదు.

ఇప్పుడు పోటీదారులు.

“ది ఫ్యాట్ మ్యాన్”, ఫ్యాట్స్ డొమినో. 1949 డిసెంబరు 10, న్యూ ఆర్లీన్స్‌లో కోసిమో మటాసా నడిపిన జె అండ్ ఎం స్టూడియో. డ్రమ్ములు ఎర్ల్ పామర్. న్యూ ఆర్లీన్స్ పాత జాజ్ బ్యాండ్లలో చివరి చుట్టు వచ్చినప్పుడు, అంటే అందరూ కలిసి గోల చేసే చోట, డ్రమ్మర్ రెండు, నాలుగు దెబ్బల్ని గట్టిగా బాదడం అలవాటు. పామర్ దాన్ని పాట మొదటినుంచీ మొదలుపెట్టాడు. ఊరేగింపు ఇంటికి చేరేటప్పుడు కొట్టే దరువును గడప దాటకముందే ఎత్తుకున్నట్టు. బ్యాక్‌బీట్ పరీక్షలో ఈ రికార్డుకు నూటికి నూరు. కానీ డొమినో పియానో, డ్రమ్ము రెండూ ఒకే తిశ్రంలో దొర్లుతాయి, రాపిడి లేదు. రోల్ నిండుగా ఉంది, రాక్ ఇంకా రావాలి. డొమినో తర్వాత్తర్వాత చెప్పిన మాట కూడా ఇదే: మీరు రాక్ అండ్ రోల్ అంటున్నది న్యూ ఆర్లీన్స్‌లో నేను పదిహేనేళ్ళుగా వాయిస్తున్న రిథమ్ అండ్ బ్లూస్సే అని.

“రాకెట్ 88”. 1951 మార్చి, మెంఫిస్, శామ్ ఫిలిప్స్ స్టూడియో. లేబుల్ మీద పేరు జాకీ బ్రెన్‌స్టన్‌ది, బ్యాండు ఐక్ టర్నర్‌ది. మొదటి రాక్ అండ్ రోల్ రికార్డుగా ఎక్కువమంది చెప్పే పేరు ఇదే. దానికి కారణం పాట కన్నా ఆంప్లిఫయర్. విల్లీ కిజార్ట్ ఆంప్ దారిలో దెబ్బతింది, స్పీకర్ కోన్ పాడైంది. బాగుచేయించే టైము లేక లోపల కాగితం కుక్కారు. అది బుర్రుమంటుంటే ఫిలిప్స్ దాచిపెట్టలేదు సరికదా, ముందుకు తెచ్చాడు. ఆ బుర్రు చరిత్రే, కాదనను. అయితే కింద నడుస్తున్నది అచ్చమైన జంప్ షఫుల్, జిమ్మీ లిగ్గిన్స్ 1947 నాటి “క్యాడిలాక్ బూగీ” అడుగుల్లోనే. బుర్రు తీసేసి వింటే 1947 రికార్డు. గిటార్ శబ్దం చూసి సంగీతానికి పేరు పెట్టేవాళ్ళే దీన్ని మొదటిదంటారు.

“రాక్ అరౌండ్ ద క్లాక్”, బిల్ హేలీ. 1954 ఏప్రిల్ 12, న్యూయార్క్, డెక్కా రికార్డు కంపెనీ. అమ్మకాల మీదైతే దీనికి పోటీ లేదు. 1955లో ఒక సినిమా టైటిల్స్ మీద పడ్డాక జూలైలో బిల్‌బోర్డ్ పైమెట్టు ఎక్కి ఎనిమిది వారాలు కూర్చుంది. డానీ సెడ్రోన్ గిటార్ సోలో ఈ రోజుకీ చెమట పట్టిస్తుంది. అదే సోలోను హేలీతో 1952లో “రాక్ ద జాయింట్”లో వాయించేశాడన్నది వేరే సంగతి. నిర్మాత మిల్ట్ గేబ్లర్ అదే డెక్కాలో లూయీ జోర్డాన్ రికార్డులు చేసినవాడు, ఆ కిటుకులన్నీ ఇక్కడికి తెచ్చాడు. సగం వేగంలో వింటే మొత్తం బ్యాండు ఒకే ఊపులో ఉంటుంది: వెస్టర్న్ స్వింగ్ (జాజ్ ఊపులో వాయించే కంట్రీ) మీద జంప్ బ్లూస్. శుభ్రంగా, బిగువుగా వాయించారు. అందరూ ఒకే నడక కాబట్టి గీరుడు ఉండదు. తలుపు తెరిచింది ఇదే. లోపల ఉన్నది వేరే.

“దట్స్ ఆల్ రైట్”, ఎల్విస్, 1954 జూలై 5. అసలు డ్రమ్మే లేదు. ఎల్విస్ గిటార్, స్కాటీ మూర్ గిటార్, బిల్ బ్లాక్ బేసు, అంతే. డ్రమ్ము పని బేసు తీగల చప్పుడు చేసింది. తీగను లాగి వదిలితే కర్ర మీద టక్కుమంటుంది, దాన్నే స్లాప్ అంటారు. రికార్డు రెండో వైపునున్న “బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ”లో ఎకో స్పష్టంగా వినపడుతుంది. టేపు సెకనుకు 15 అంగుళాలు తిరుగుతుంటే, రికార్డు హెడ్‌కూ ప్లేబ్యాక్ హెడ్‌కూ మధ్య దూరం రెండు అంగుళాలైతే 133 మిల్లీసెకన్ల ఆలస్యం, ఒక్కటే ప్రతిధ్వని. ఇవాళ గిటార్ ఎకో పెడల్‌లో ఆ ధ్వని కావాలన్నా 120-140 మధ్య పెట్టి, రిపీట్ ఒకటికి తగ్గించాలి. రెండు పెడితే గుహలో పాడినట్టుంటుంది. ఇది రాకబిల్లీ, అంటే కంట్రీ, బ్లూస్ కలిసినది, దానికి దాని అందం ఉంది. ఎల్విస్‌ను తక్కువ చేస్తున్నానని కోపం వద్దు. డ్రమ్ము లేని రికార్డును డ్రమ్ము పరీక్షలో ఏం చేస్తాం?

ఇక నా ఓటు. “టుట్టి ఫ్రూటి”, లిటిల్ రిచర్డ్, 1955 సెప్టెంబరు 14. అదే జె అండ్ ఎం స్టూడియో, డ్రమ్ముల దగ్గర అదే ఎర్ల్ పామర్. ఆరేళ్ళలో ఏం మారిందో ఈ రెండు రికార్డుల మధ్య తేడానే చెబుతుంది. మటాసా స్టూడియో అంటే రికార్డుల కొట్టు వెనక ఒక గది. కొద్దిపాటి మైకులు, అందరూ ఒకేసారి వాయించాలి, తర్వాత అతికించేదేమీ లేదు. ఆ గదిలో రిచర్డ్ కుడిచెయ్యి పియానో పై స్థాయిలో “తక తక తక తక” అని మేకులు కొడుతున్నట్టు సమంగా కొడుతుంది. లీ అలెన్ శాక్సఫోన్, బేసు ఇంకా పాత షఫుల్ ఊపులోనే ఉన్నాయి. పామర్ మధ్యలో ఇరుక్కున్నాడు. తన నడక సమంగా మారింది రిచర్డ్ కుడిచెయ్యితో సరితూగడానికేనని పామర్ తర్వాత చెప్పుకున్నాడు. ఈ రికార్డులో అతను ఇంకా పూర్తిగా లొంగలేదు, ఆ పెనుగులాటే వినపడుతుంది. పాట పరుగెత్తుతున్నట్టూ, తూలుతున్నట్టూ ఒకేసారి అనిపించేది అందుకే. తెల్ల గాయకుడు పాట్ బూన్ పాడిన ఇదే పాట అమెరికా చార్టుల్లో దీనికన్నా పైకి ఎక్కింది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, మాటలు దాదాపు అవే, వరస అదే, గీరుడు లేదు.

రెండేళ్ళు ఆగితే 1957 “లూసిల్” వస్తుంది. అక్కడ బ్యాండు మొత్తం సమమైపోయింది, బేసు, గిటార్, బారిటోన్ శాక్స్ ఒకే వరస పట్టుకుని దున్నేస్తాయి. గొప్ప రికార్డు, కానీ రోల్ అప్పటికే గుమ్మం దాటుతోంది. 1971లో లెడ్ జెప్పెలిన్ “రాక్ అండ్ రోల్” అనే పేరుతోనే పాట చేసింది. దాని డ్రమ్ము ఎత్తుగడ లిటిల్ రిచర్డ్ “కీప్ ఎ నాకిన్”లోంచి తెచ్చుకున్నదే. పేరు, ఎత్తుగడ రెండూ ఉన్నా నడక మాత్రం పూర్తిగా సమం. అది రాక్.

చక్ బెర్రీ సంగతేమిటంటారా? 1955 మే 21న రికార్డైన “మేబెలీన్” మూలం “ఐడా రెడ్” అనే పాత కంట్రీ పాట, బేసు ఇంకా ఒకటి-మూడు మీద కంట్రీ పద్ధతిలోనే దూకుతుంది. అసలు బెర్రీ 1958 “జానీ బి. గుడ్”లో దొరుకుతాడు. ఫ్రెడ్ బిలో డ్రమ్ము కుంటుతూనే ఉంటుంది, బెర్రీ గిటార్ దానిమీద సమంగా రంపం కోస్తుంది. రాపిడి పరీక్షలో “టుట్టి ఫ్రూటి”కి సరిసమానం. నేను రిచర్డ్‌ను ఒక మెట్టు పైన పెట్టడానికి ఒకే కారణం: అక్కడ ఆ రాపిడి పుడుతుంటే వింటాం, ఇక్కడ అది కుదురుకుని పద్ధతైపోయింది. గిటార్ వాయించేవాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు.

మిగిలినవి. బో డిడ్లీ నడక క్లావే అనే ఆఫ్రో-క్యూబన్ తాళం వైపుది, సొంత రాజ్యం. సిస్టర్ రొసెట్టా థార్ప్ గిటార్ 1940లలోనే ఈ దారి చూపింది, కింద నడక మాత్రం గాస్పెల్ బూగీ. డూ-వాప్ గొంతుల కళ, ఇక్కడి చర్చ కాదు.

ఈ తేడా వాయించేవాళ్ళకు బాగా అవసరం. మన కాలేజీ ఫెస్టుల్లో “జానీ బి. గుడ్” ఎత్తుకున్న బ్యాండు చాలాసార్లు హార్డ్ రాక్‌లా వినపడడానికి కారణాలు ఇవీ. డ్రమ్మర్ హై-హ్యాట్ మీద సమంగా ఎనిమిది కొడతాడు. బేసిస్టు ప్లెక్ట్రమ్‌తో (పిక్‌తో) ఒకే స్వరాన్ని ఎనిమిదిసార్లు గుద్దుతాడు. గిటారిస్టు డిస్టార్షన్ పెడల్ తొక్కుతాడు. మూడూ మార్చాలి. హై-హ్యాట్ గానీ రైడ్ గానీ కాస్త కుంటాలి, స్నేర్ రెండు, నాలుగు మీద రిమ్‌షాట్ (అంచునూ తోలునూ ఒకేసారి కొట్టే దెబ్బ), కాలితో కొట్టే కిక్ డ్రమ్ము మెత్తగా. బేసు దెబ్బకొక స్వరం చొప్పున నడవాలి, వేళ్ళతో. గిటార్ ‘ఎ’ తీగ ఖాళీగా, పక్కన ‘డి’ తీగ మీద రెండో ఫ్రెట్, నాలుగో ఫ్రెట్ మార్చుకుంటూ, అన్నీ కిందికి కొట్టే దెబ్బలే, సమంగా. డిస్టార్షన్ ఎక్కువైతే ఆ నాలుగో ఫ్రెట్ స్వరం బురదలో కలిసిపోతుంది, అది వినపడకపోతే బూగీ (ఆ దొర్లే వరస) లేదు. చిన్న వాల్వ్ ఆంప్ గట్టిగా పెడితే చాలు.

కంప్యూటర్ మీద డ్రమ్ములు వేసేవాళ్ళు స్వింగ్ మీటను (నడక ఎంత కుంటాలో చెప్పేది) ట్రాకు ట్రాకుకూ వేరుగా పెట్టాలి. 50 అంటే సమం, 66 అంటే పూర్తి తిశ్రం. హై-హ్యాట్‌కు 58 నుంచి 60, గిటార్‌కూ పియానోకూ 50. మొత్తం పాటకు ఒకే 58 పెట్టేయడం అందరూ చేసే పొరపాటు, అప్పుడు అందరూ కలిసి కొంచెం కుంటుతారు గానీ ఎవరూ ఎవరినీ గీరరు. అప్పటికీ కుదరకపోతే మిగతా అన్నీ మ్యూట్ చేసి డ్రమ్ము, పియానో మాత్రం నాలుగు బార్లు తిప్పుతూ ఉండండి. ఆ రెండింటి మధ్య గీరుడు వినపడేదాకా గిటార్ తెరవొద్దు.