కళింగపట్నంలో తొలి హాఫ్ ట్రయథ్లాన్: ఈతకి చోటు, బస, సాయం

ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే హాఫ్ ట్రయథ్లాన్ చెయ్యాలని ఉందని ఎవరితో అన్నా వెంటనే వచ్చే మాట గోవా. అక్కడ మిరామార్ బీచ్‌లో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 మన దేశంలో బాగా పేరున్న పోటీ. రోడ్డు మూసి ఇస్తారు, నీళ్ళలో లైఫ్‌గార్డులు ఉంటారు, చివర మెడలో మెడల్ పడుతుంది. అవి కావాలనుకున్నవాళ్ళు అక్కడికే వెళ్ళాలి. అసలు ఆ దూరం మన వల్ల అవుతుందా లేదా అని తేల్చుకోవడానికైతే మన శ్రీకాకుళం తీరం చాలని నా అభిప్రాయం. సంక్రాంతి సందడి తగ్గాక నేను, మా మరిది, మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి కలిసి కళింగపట్నంలో పూర్తి చేసి వచ్చాం. ముగ్గురికీ అదే మొదటిది. మా ఆయన కారులో వెంట ఉన్నారు. ఎక్కడ ఏది బాగుంది, ఏది బాగోలేదు అన్నది రాస్తే మన విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

దూరాలు తెలియనివాళ్ళ కోసం: 1.9 కిలోమీటర్ల ఈత, వెంటనే 90 కిలోమీటర్ల సైకిల్, వెంటనే 21.1 కిలోమీటర్ల పరుగు. కలిపితే 113 కిలోమీటర్లు. 70.3 అన్నది ఇదే దూరం మైళ్ళలో. గోవాలో మొత్తానికి గడువు ఎనిమిదిన్నర గంటలు, మేమూ అదే పెట్టుకున్నాం.

ఈతకి చోటు వెతకడమే అన్నిటికన్నా పెద్ద పని. మాది విజయనగరం కాబట్టి ముందు తాటిపూడి జలాశయం చూశాం. నీళ్ళు నిలకడగా ఉంటాయి, చుట్టూ కొండలు, చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ అవి విశాఖకి వెళ్ళే తాగునీళ్ళు. వాటిలో దిగి ఈదడం నాకు సబబు అనిపించలేదు, ఆ ఆలోచన అక్కడే ఆపేశాం. తరవాత పూసపాటిరేగ దగ్గర చింతపల్లి బీచ్. ఇంటికి దగ్గర, ఇసుక శుభ్రంగా ఉంటుంది. అయితే నీళ్ళలో రాళ్ళు ఉన్నాయి, కెరటంలో పక్కకి కొట్టుకుపోతే దెబ్బ తగులుతుంది. కాళ్ళు తడుపుకోవడానికి వెళ్ళే కుటుంబాలకి మంచి చోటే, మా పనికి కాదు. సోంపేట వైపు బారువ తీరం మేము చూసినవాటన్నిటికన్నా అందమైనది. కొబ్బరి తోటల మధ్య నుంచి వెళ్ళే దారి కోసమైనా ఒకసారి చూడాలి. కాకపోతే మాకు మరీ దూరం, ఏదైనా అయితే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి చేరడానికి చాలా సేపు పడుతుంది. అలా కళింగపట్నం దగ్గర ఆగాం. ఒకప్పటి ఓడరేవు, లైట్‌హౌస్ ఉంది, మెరైన్ పోలీస్ స్టేషన్ ఉంది, జిల్లా కేంద్రం పాతిక కిలోమీటర్ల పైచిలుకు, రోజూ సముద్రం మీదికి వెళ్ళే పడవలున్నాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోట ఇసుక దిబ్బలు మారిపోతూ ఉంటాయి, నీటి లాగుడు చెప్పలేం. అటువైపు అసలు దిగొద్దు. మిగతా తీరంలో కూడా కెరటాలు విరిగే చోట నీరు వెనక్కి లాగే పాయలు ఉంటాయి. స్విమ్మింగ్ పూల్‌లో ఎన్ని కిలోమీటర్లు ఈదినా, పడవ తోడు లేకుండా ఇక్కడ ఈతకి దిగడం ప్రాణంతో చెలగాటమే. ముందు రోజు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు ఇచ్చే అలల ఎత్తు సమాచారం చూసుకున్నాం. మత్స్యకారుల కోసం ఇచ్చేదే అది, ఎవరైనా చూడొచ్చు. మెరైన్ పోలీసులకి వెళ్ళి చెబితే పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుని, నీళ్ళలోంచి బయటికి వచ్చాక ఫోన్ చెయ్యమన్నారు. ఊరి పెద్దలకీ చెప్పాం.

ఈ యాత్రలో నేను అందరికన్నా ఎక్కువ రుణపడింది పడవ నడిపినాయనకి. అరవై దాటిన మనిషి, ఆ తీరంలోనే పుట్టి పెరిగినాయన. మా కోసం ఆ పూట వేట మానుకోవాలి. మామూలుగా వేటలో మిగిలే దానికన్నా ఎక్కువ ఇస్తామని ముందే మాట్లాడుకున్నాం, డీజిల్ ఖర్చు వేరే. బేరమాడకండి దయచేసి. షూస్‌కి, వాచీకి వేలు పెట్టినవాళ్ళం, మన ప్రాణం కాచే మనిషి దగ్గర వందలు తగ్గించుకోవడం నాకు నచ్చని పని.

తెల్లవారి ఆరున్నరకి, అప్పుడే పొద్దు పొడుస్తుండగా, ఆయన మమ్మల్ని ఫైబర్ బోటులో ఎక్కించుకుని కెరటాలు విరిగే చోటు దాటించారు. లంగరు వేశాక మేము గాగుల్స్ సర్దుకుంటుంటే ఆయన వలకి కట్టే బెండు ఒకటి తీసి నీళ్ళలో వేశారు. అది కాసేపు అక్కడక్కడే ఊగి, మెల్లగా ఉత్తరం వైపు జారడం మొదలుపెట్టింది. ఆయన దాన్నే చూస్తూ, “ముందు దక్షిణం పక్కకి ఎదురీదండమ్మా. వచ్చేటప్పుడు నీరే తెచ్చేస్తాది” అన్నారు. మేము వేసుకున్న ప్లాన్ దానికి తలకిందులుగా ఉంది. ఆయన చెప్పినట్టే మార్చాం. తీరానికి సమాంతరంగా 475 మీటర్లు వెళ్ళి రావడం, అలా రెండు సార్లు. వెళ్ళేటప్పుడు చేతులు పీకేశాయి, వచ్చేటప్పుడు నిజంగానే నీరు తోసింది. అలసిపోయిన రెండో చుట్టులో ఆ తోపు లేకపోతే నా టైము ఎంత పెరిగేదో. ఇంజను కట్టేసి, తెడ్డు వేస్తూ మాకు కాస్త ఎడంగా సముద్రం వైపే ఉన్నారాయన. తల ఎత్తినప్పుడల్లా ఆ నీలం బోటు కనిపిస్తుంటే టెన్షన్ సగం పోయింది. నడుముకి కట్టుకునే నారింజ రంగు గాలిబుడ్డి ముగ్గురికీ ఉంది, అది లేనివాళ్ళని తీసుకెళ్ళనని ఆయనే అన్నారు. జనవరిలోనూ నీళ్ళు చల్లగా అనిపించవు, చలి ఆపే వెట్‌సూట్ అవసరం పడలేదు.

ఇక బస సంగతి. రెండు రకాలూ చూశాం. మొదటి రాత్రి శ్రీకాకుళంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జీలో ఉన్నాం. ఫోన్‌లో సరేనన్న మొదటి లాడ్జీ వాళ్ళు, తీరా వెళ్ళాక సైకిళ్ళు గదిలోకి వద్దు, కింద జనరేటర్ పక్కన పెట్టుకోమన్నారు. తాళం లేదు, కాపలా లేదు. ఒప్పుకోలేదు, సామాను తీసుకుని బయటికి వచ్చేశాం. రెండో చోట గది చిన్నదే అయినా, నేల మీద దుప్పటి పరుచుకుంటామంటే ఏ పేచీ లేకుండా సైకిళ్ళు పైకి తెచ్చుకోనిచ్చారు, వేడినీళ్ళు అడిగిన టైముకి ఇచ్చారు. గది బుక్ చేసేటప్పుడు సైకిల్ మాట స్పష్టంగా అడిగి, వీలైతే వాట్సాప్‌లో రాయించుకోండి. ఊళ్ళో ఉంటే టిఫిను, మందుల షాపు, ఏటీఎం అన్నీ నడక దూరంలోనే. కానీ పోటీ ముందు రాత్రికి శ్రీకాకుళం పనికిరాదు. మూడున్నరకి లేచి చీకట్లో పాతిక కిలోమీటర్లు కారులో వెళ్తే ఆ నిద్ర కొరత పరుగులో బయటపడుతుంది.

అందుకని రెండో రాత్రి, అంటే పోటీ ముందు రాత్రి, కళింగపట్నంలోనే ఉన్నాం. అక్కడ బసకి ఎంపికలు తక్కువ. పడవాయన కూతురి ఇంట్లో మేడ మీద గది ఇచ్చారు. ఫ్యాను, బాత్రూమ్, శుభ్రమైన చాపలు. ఇంతకన్నా కావలసింది లేదు. ఆడవాళ్ళకి ఈ ఇల్లు ఇంకో రకంగా కూడా ముఖ్యం. బీచ్‌లో బట్టలు మార్చుకోవడానికి సరైన చోటు లేదు. ఈత అయ్యాక ఉప్పునీటి బట్టలతో తొంభై కిలోమీటర్లు తొక్కితే తొడలు ఒరుసుకుపోతాయి. ఆ అక్క పెరట్లో బకెట్టు నిండా మంచినీళ్ళు, తలుపు గొళ్ళెం ఉన్న స్నానాల గది సిద్ధంగా ఉంచారు. నేనూ మా ఆఫీసు అమ్మాయీ పది నిమిషాల్లో మార్చుకుని సైకిల్ ఎక్కేశాం. మగవాళ్ళు రాసే అనుభవాల్లో ఈ విషయం ఎక్కడా కనిపించదు కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను. రాత్రి ఆవిడ చేపల పులుసు పెడతానంటే మర్నాటికి దాచమని, అన్నం, ముద్దపప్పు, పెరుగుతో ముగించాం. పోటీ ముందు కారం, నూనె తగ్గించడమే మేలు.

సైకిల్ దారి: కళింగపట్నం నుంచి శ్రీకాకుళం, అక్కణ్ణుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద నరసన్నపేట వైపు. మడపాం దగ్గర వంశధార వంతెన దాటాక, మీటరు 45 చూపించిన చోట వెనక్కి తిరిగాం. ఊళ్ళ మధ్య రోడ్డులో స్పీడ్ బ్రేకర్లు, స్కూలు ఆటోలు, రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం. అక్కడ వేగం గురించి ఆలోచించకూడదు. హైవే నున్నగా ఉంటుంది, కానీ రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, పగిలిన లారీ టైర్ల తీగ ముక్కలు ఉంటాయి. మా మరిదికి అలాంటి తీగ గుచ్చుకునే పంక్చర్ అయింది. రేసింగ్ సైకిల్ సన్న ట్యూబులు శ్రీకాకుళంలో మేము అడిగిన షాపుల్లో దొరకలేదు. వాటి వాల్వుకి మామూలు పంపు కూడా పట్టదు. రెండేసి ట్యూబులు, పంపు విశాఖ నుంచే తెచ్చుకోండి. రోడ్డు పక్క పంక్చర్ షాపాయన మాత్రం మా ట్యూబు మార్చడానికి సాయం పట్టి, టైరు లోపల వేలితో మొత్తం తడిమి, మేము గమనించని ఇంకో తీగ ముక్క లాగి తీశారు. డబ్బులు ఎంత చెప్పినా తీసుకోలేదు.

గాలి గురించి తెలుసుకుని వెళ్ళండి. పొద్దున నేల మీంచి సముద్రం వైపు గాలి పలచగా ఉంటుంది. పది దాటాక నేల వేడెక్కి సముద్రపు గాలి మొదలవుతుంది. అంటే వెనక్కి వచ్చే చివరి పాతిక కిలోమీటర్లు పూర్తిగా ఎదురుగాలి. మొదటి సగంలో ఒంట్లో ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తే ఇక్కడ దొరికిపోతారు.

తిండికి జెల్ ప్యాకెట్లు తక్కువ, అరటిపళ్ళు, పల్లీ చిక్కీ ఎక్కువ వాడాం. గంటకి 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా చూసుకుంటే చాలు, మామూలు అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది. నీళ్ళు గంటకి అర లీటరు పైన, అందులో ఓఆర్ఎస్. నొప్పి మాత్రలు మాత్రం వేసుకోవద్దు. కిడ్నీ జబ్బులతో ఉద్దానం ఎంత నలిగిపోయిందో చూసిన జిల్లా ఇది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్ లాంటివి మూత్రపిండాలకి మరింత చేటు.

పరుగు పదకొండు దాటాక మొదలైంది. జనవరి అయినా ఆ ఎండ, ఆ ఉక్క తక్కువేం కాదు. లైట్‌హౌస్ దగ్గర నుంచి ఊరి రోడ్డు మీద వెళ్ళి రావడమే, సరుగుడు తోటల నీడ ఉన్న ముక్క ఎంచుకుని నాలుగు చుట్లు వేశాం. దూరం ఎక్కువ చెయ్యకుండా చుట్లు పెట్టుకోవడం వల్ల ప్రతిసారీ మా ఆయన నీళ్ళు అందించగలిగారు. చేపల ఊరు కాబట్టి ఐసుకి కొదవ లేదు. అది తాగడానికి కాదు, తువ్వాల్లో చుట్టి మెడ మీద వేసుకోవడానికి. ఆ ఐసు ముక్కలే నన్ను మూడో చుట్టు దాటించాయి. స్కూలు నుంచి భోజనానికి వచ్చిన పిల్లలు పక్కన పరిగెత్తుతూ, “బేగి రా అక్కా, బేగి” అని అరుస్తుంటే ఆగి నడవాలన్న కోరిక పోయింది. ముగ్గురం ఎనిమిది గంటల లోపే ముగించాం. ఆఖరి మలుపులో మా ఆఫీసు అమ్మాయి ఏడ్చేసింది, నాకూ కళ్ళు తడిశాయి. రెండేళ్ళ కిందట ఆ అమ్మాయికి ఈతే రాదు.

తరవాత కానాగంతల పులుసు, చోడి అంబలి. ఆ ఇంట్లో తిన్న ఆ భోజనం గురించి ఏం రాసినా తక్కువే.

మర్నాడు ఆ అమ్మాయిని రైలెక్కించడానికి ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి వెళ్ళాం. వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి పెరిగిన ఊసవానిపేట అక్కడే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆవిడ కంచు పతకం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ట్రయథ్లాన్‌ని మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టింది కూడా ఆ సిడ్నీలోనే. ఇలాంటి ఆటలు మనకెందుకు అనేవాళ్ళకి నేను ఆ ఊరి పేరే చెబుతాను.

వెళ్ళాలనుకుంటే తేదీలు చూసుకోండి. రథసప్తమికి అరసవల్లి కోసం శ్రీకాకుళంలో లాడ్జీలు నిండిపోతాయి, రోడ్లూ కిక్కిరిసి ఉంటాయి, ఆ వారం వద్దు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి, రాత్రిపూట ఇసుక మీద టార్చిలైట్లు వెయ్యకండి. మార్చి దాటితే ఆ ఎండలో పరుగు ప్రమాదం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పడవలు ఖాళీగా ఉంటాయి కదా అనుకోవద్దు. సంక్రాంతి వెళ్ళాక రథసప్తమికి వారం ముందో, లేదంటే ఫిబ్రవరి రెండో సగంలోనో సరిగ్గా సరిపోతుంది. పడవకి కనీసం పదిహేను రోజుల ముందు స్వయంగా వెళ్ళి మాట్లాడండి, ఫోన్ మీద వదిలెయ్యకండి.